తొమ్మిది రోజులు కట్టేసిన మనిషి

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలతో మాట్లాడమని ఆ మధ్య నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లకు పైగా రక్తాలు తీసి, పరీక్షలు చేసి రిటైరైన దాన్ని కాబట్టి మంచి అనుభవం ఒకటి చెప్పమన్నారు. కట్లపాము కరిచిన బాలింత ఒకామె బతికి బట్టకట్టిన సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. బస్సులో ఇంటికి వస్తూ ఆ శాలువా ఒళ్లో పెట్టుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పిల్లలకు చెప్పాల్సింది అది కాదు. మేం బాగా చేసిన పని గురించి విని వాళ్లు నేర్చుకునేదేముంది? అందుకే ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. అది తగ్గేది కాదని అర్థమైంది.

అప్పుడు నేను అడవి అంచున ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ ఇన్‌చార్జిని. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు నాలాగే పింఛను తీసుకుంటున్నారు. మా సొంతూరు పెనుబల్లి వైపు. నెలకు రెండుసార్లు ఇంటికి పోయి వచ్చేదాన్ని, మిగతా రోజులన్నీ ఆ ల్యాబులోనే. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో పనిచేసే వాళ్లు, పినపాక అవతలి గూడేల వాళ్లు, బొగ్గు లారీల డ్రైవర్లు, అందరి రక్తమూ నా చేతి మీదుగానే పోయేది. సీసాలో పోశాక అందరిదీ ఒకటే రంగు అని గొప్పగా అనేదాన్ని. ఆ మాట ఎంత అబద్ధమో ఈ కేసులో తెలిసింది.

వానాకాలం మొదలైన రోజులు. పినపాక అవతలి ఒక గూడెం నుంచి యాభై ఏళ్ల కోయ మనిషిని అంబులెన్సులో తీసుకొచ్చారు. వెంట భార్య ఒక్కతే ఉంది. మనిషి ఒళ్లంతా చెమటలు కారుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. నెల రోజులుగా నిద్ర లేదని భార్య చెప్పింది. కళ్లు తెరిచే ఉంటాడు, పిలిస్తే ఒకసారి పలుకుతాడు, ఒకసారి పలకడు. ఏదో గొణుగుతూ గాలిలో చేతులు ఆడిస్తుంటాడు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ అన్నీ విన్నాడు. చెమటలు, వణుకు, నిద్రలేమి, గాలిలో చేతులు, అన్నింటికీ మించి గూడెం మనిషి. అన్నీ కలిపి కేస్ షీట్ మీద ఒక్క మాట రాసేశాడు. పాత తాగుబోతు, మందు దొరక్క ఇలా అయ్యాడు అని. ఇంగ్లిషులో రాస్తే ఇంకొంచెం మర్యాదగా ఉంటుంది, అంతే తేడా. తాగుతాడా అని ఎవరూ అడగలేదు. ఎంత తాగుతాడు అని మాత్రం అడిగారు.

“ఆయన తాగడు సారూ. పండుగకు దేవునికి పోస్తడు గని నోట్లె పోసుకోడు” అని భార్య చెప్పింది. అందరూ ఇదే చెప్తారని డాక్టర్ నవ్వాడట. ఆ సంగతి నాకు తర్వాత నర్సు చెప్పింది.

ఆ సాయంత్రమే అతని రెండు మణికట్లనూ గాజుగుడ్డతో మంచానికి కట్టేశారు. కట్టింది వార్డు సీనియర్ నర్సు. ఆమెను తిట్టడం తేలిక, నేను తిట్టను. నలభై మంది రోగులకు ఆమె ఒక్కతే. అతను సెలైన్ సూది రెండుసార్లు పీకేసుకున్నాడు, ఒకసారి మంచం మీంచి పడ్డాడు. పక్కన కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషిని ఇవ్వండని ఆమె సూపరింటెండెంట్ గారిని అడిగింది. మనుషులు లేరు, గుడ్డ ఉంది కదా అన్నారాయన. ఆమె కట్టింది.

ఇక నేను చేసిన పని. మొదటి రోజే అతని రక్తం నా దగ్గరికి వచ్చింది. కాలేయం పరీక్షలన్నీ చేశాను. అన్నీ నార్మల్. ఏళ్ల తరబడి తాగేవాడి రక్తంలో పెరిగేవి ఏవీ పెరగలేదు, రక్తకణాల సైజు కూడా మామూలుగానే ఉంది. అది చూసి నాకేమనిపించాలి? కేస్ షీట్ తప్పేమో అనిపించాలి. నాకు మాత్రం సీసా తప్పనిపించింది. తాగుబోతు రక్తం ఇలా ఉండదు కాబట్టి వార్డు వాళ్లు ఇంకెవరి సీసానో పంపి ఉంటారనుకున్నాను. రక్తం పట్టుకొచ్చిన అటెండర్‌ను నలుగురిలో కేకలేశాను. ఆ సీసా పారబోసి మళ్లీ పంపమన్నాను. మర్నాడు రెండోది వచ్చింది. అదీ నార్మలే.

అప్పుడైనా లేచి వార్డుకు పోయి, సార్, ఇది ఒకసారి చూడండి అని ఉండవలసింది. పోలేదు. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, ట్రేలో పడేశాను. డాక్టర్లకు తెలియదా, మనకెందుకు అనుకున్నాను. ఆ రిపోర్టును ఫైల్లో గుచ్చారు. ఎవరూ చదవలేదు. పిల్లలూ, రిపోర్టు ఇవ్వడం వేరు, చేరవేయడం వేరు. ఆ తేడా తెలియడానికి నాకు ఇంకొకరి చేయి ఖర్చయింది.

ల్యాబుకు పోయే దారిలోనే ఆ వార్డు కిటికీ. రోజూ నాలుగుసార్లు అటు నడిచేదాన్ని. రోజూ చూసేదాన్ని. నిద్ర ఇంజెక్షన్లు ఇచ్చినా అతనికి కన్ను మూతపడేది కాదు. కట్టిన చేతులను గుంజుకుంటూనే ఉండేవాడు. భార్య కింద కూర్చుని తడిగుడ్డతో అతని అరికాళ్లు తుడుస్తూ ఉండేది. నన్ను చూసి లేచి నిలబడేది. నేను తల ఊపి వెళ్లిపోయేదాన్ని.

తొమ్మిదో రోజు పొద్దున మా ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పెద్ద చదువు అప్పుడే పూర్తి చేసుకుని, ఏడాది పాటు తప్పనిసరిగా పనిచేయాల్సిన పోస్టింగులో మా అడవికి వచ్చిన ఖమ్మం పిల్ల. ఆ రోజు రౌండ్స్‌లో సూపరింటెండెంట్ గారు ఆ మంచం దగ్గర ఆగి, ఇతన్ని రేపు పట్నంలో పిచ్చాసుపత్రికి పంపించండి, బెడ్ ఖాళీ చేయండి అన్నారు. నేను వేరే రోగి రక్తం కోసం పక్క మంచం దగ్గర ఉన్నాను. అందుకే ఇదంతా నా కళ్లతో చూశాను.

డాక్టరమ్మ అతని పంచె మోకాలి దాకా జరిపి పిక్క మీద చేయి పెట్టింది. అలాగే చాలాసేపు ఉంచింది. దగ్గరికి పోయి చూశాను. పిక్క చర్మం కింద కండ అలలు అలలుగా కదులుతోంది, సంచిలో పురుగులు పాకినట్టు. కాలు కదలడం లేదు, కండ మాత్రం ఆగడం లేదు. తొమ్మిది రోజుల్లో ఆ పంచె జరిపి చూసిన వాళ్లు లేరు.

తర్వాత ఆమె అతని వేళ్ల వైపు చూసింది. మణికట్టు కట్టేసి ఉన్నా వేళ్లు ఏదో చేస్తూనే ఉన్నాయి. ఎడమ చేతి వేళ్లు ఒకదాని మీద ఒకటి సర్దుతున్నట్టు, బొటనవేలు దారం చుట్టినట్టు. డాక్టరమ్మ అతని భార్యను అడిగింది, ఏం చేస్తున్నాడమ్మా అని. తొమ్మిది రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

“బీడీల తునికాకు కట్ట కడుతున్నడు. యాభై ఆకులకు ఒక కట్ట. ఎండకాలమంత గదే పని గద. లెక్క కూడ పెడుతున్నడు, మా భాషల. మీకు గొణుగుడు లెక్క ఇనబడుతది” అంది భార్య.

డాక్టరమ్మ సూపరింటెండెంట్ గారి వైపు తిరిగి, ఇది తాగుడు వల్ల వచ్చింది కాదేమో సార్ అంది. నిద్ర లేకుండా, మెలకువ కాకుండా, కలలో పని చేస్తున్నట్టు చేసే జబ్బు ఒకటి ఉందనీ, కండల కదలికతో కలిపి చూస్తే అదే అనిపిస్తోందనీ చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. నిన్నగాక మొన్న వచ్చావు, ఈ గూడేల సంగతి నీకేం తెలుసు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నా అన్నారు.

అప్పుడు నా నోరు లేచింది. ధైర్యంతో కాదు. తొమ్మిది రోజుల సిగ్గు ఒక్కసారిగా కోపమై బయటికి వచ్చింది. నర్సు చేతిలోని ఫైలు లాక్కుని, నా రిపోర్టు తీసి గట్టిగా చదివాను. ఒక్కో అంకె, పక్కన ఉండాల్సిన హద్దు. వార్డంతా విన్నది.

“రెండుసార్లు చేసిన సార్. రెండుసార్లు నార్మలే. వారం రోజుల నుంచి ఈ కాయితం ఇక్కడనే ఉంది” అన్నాను.

“నార్మల్ వస్తే తాగడని రుజువా? నీ పని నువ్వు చూసుకో” అన్నారాయన.

“రుజువు కాదు సార్” అంది డాక్టరమ్మ, గొంతు పెంచకుండా. “కానీ తొమ్మిది రోజుల నుంచి మన మంచానికే కట్టేసి ఉన్నాడు. మందు మానితే వచ్చే వణుకైతే ఈపాటికి తగ్గాలి. ఇతనికి పెరుగుతోంది.”

ఎక్కడికైనా పంపుకోండి, బెడ్ ఖాళీ అయితే చాలు అని ఆయన పక్క మంచానికి వెళ్లిపోయారు. ఒక మనిషి బతుకు మా ఆసుపత్రిలో అలా నిర్ణయమైంది, ఆ బెడ్ ఖాళీ కోసం.

డాక్టరమ్మ కత్తెర అడిగి తనే గుడ్డ కోసింది. కుడి మణికట్టు దగ్గర గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంది. సెలైన్ పోసి నాననిచ్చి, మెల్లగా తీసింది. కింద చర్మం లేదు. సీనియర్ నర్సు గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమె ఏడుస్తోందని తెలుసు, నేను ఓదార్చలేదు. నాకు అప్పుడు ఎవరినీ ఓదార్చాలని లేదు.

తన గురువుకు ఫోన్ చేసి వచ్చాక డాక్టరమ్మ నా ల్యాబులో కూర్చుంది. పట్నంలోని పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారట. వైద్యం మొదలైతే రక్తంలో జబ్బు ఆనవాళ్లు తగ్గిపోతాయి కాబట్టి ఈలోగా రక్తం తీసి, ఆ పరీక్ష చేసే చోటికి పంపాలట. నేను రక్తం తీశాను. రక్తంలోంచి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిరుగుతుంటే, అసలు ఏమై ఉంటుందని అడిగాను. భార్య కూడా గుమ్మంలో కూర్చుని వింటోంది.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను. ప్రతి నరకణానికీ చుట్టూ ఒక పలుచటి పొర ఉంటుంది. ఆ పొరలో ప్రోటీన్లు నాటుకుని ఉంటాయి. వాటిలో కొన్నింటికి రెండు పనులు. ఒకటి, పక్కనున్న కణాన్ని పట్టుకుని ఉండటం. నరం మీద తొడుగులా చుట్టుకునే కణాలుంటాయి, వాటికీ నరానికీ మధ్య పట్టు అవే. రెండోది, సందేశం సంగతి. నరం ఒక కబురు పంపాక ఆగి ఊపిరి తీసుకోవాలి. అలా ఆపే సన్నటి ద్వారాలు కొన్ని ఉన్నాయి, వాటిని ఉండాల్సిన చోట నిలబెట్టేదీ ఈ ప్రోటీనే. ఇతని విషయంలో, రోగాల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు పొరబడి ఆ ప్రోటీన్‌కే అడ్డుపడి ఉంటాయి. పట్టు సడలింది. ద్వారాలు చెదిరిపోయాయి. ఇక నరానికి ఆగడం తెలియదు. అది కండకు కబురు పంపుతూనే ఉంటుంది, అందుకే ఆ అలలు. మెదడులోనూ అదే జరిగితే నిద్ర ఉండదు, కలకూ మెలకువకూ మధ్య గీత ఉండదు.

నేను ముప్పై ఏళ్లు రక్తంలో అంకెలు లెక్కపెట్టాను గానీ, రెండు కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం మీద మనిషి నిద్ర ఆధారపడుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు. గుమ్మంలోంచి భార్య మెల్లగా అంది.

“అంటే లోపల కట్టు ఊడింది. మీరేమో చేతులకు కట్టిండ్రు.”



రక్తం పంపే ఫారం మీద సూపరింటెండెంట్ గారి సంతకం కావాలి. ఆయన పెట్టనన్నారు. బయటి పరీక్షలకు మన ఆసుపత్రి పేరు వాడొద్దన్నారు. ల్యాబ్ ఇన్‌చార్జి అన్న చోట నేను సంతకం పెట్టాను, పై అధికారి అన్న చోట ఖాళీ వదిలేశాను. సీరం వేరు చేసి, థర్మోకోల్ డబ్బాలో మంచు నింపి, ఒళ్లో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కాను. పక్క సీటామె అవి చేపలా అని అడిగింది. రక్తం అన్నాను. ఆమె లేచి వేరే సీటుకు పోయింది. మధ్యాహ్నానికి సేకరణ కేంద్రంలో అప్పజెప్పి, రసీదు తీసుకుని, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాను. అప్పటికే అతన్ని, భార్యను అంబులెన్సులో పట్నం పంపేశారు. పంపేముందు డాక్టరమ్మ డ్రైవర్‌కు ఒకటే చెప్పిందట, దారిలో ఎక్కడా కట్టొద్దని.

మూడో రోజు నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా నమూనాను బయటికి తరలించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. నా ఉద్యోగమంతటికీ అదొక్కటే మెమో. తొమ్మిది రోజులు మౌనంగా ఉన్నందుకు ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇవ్వాల్సింది దానికి.

పరీక్ష ఫలితం రెండు వారాల తర్వాత వచ్చింది. డాక్టరమ్మ అనుమానించిన ప్రోటీన్ మీదే యాంటీబాడీలు ఉన్నాయి. అక్కడ పెద్దాసుపత్రిలో అప్పటికే స్టెరాయిడ్లు మొదలుపెట్టి, రక్తంలోంచి ప్లాస్మా తీసి మార్చే చికిత్స కూడా చేస్తున్నారు. పదిహేనో రోజున అతను మొదటిసారి నాలుగు గంటలు నిద్రపోయాడని భార్య ఎవరి ఫోన్ నుంచో డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ పరుగున వచ్చి నాకు చెప్పింది. ఆ రోజు ల్యాబులో ఇద్దరం టీ తాగుతూ ఊరికే నవ్వుకున్నాం. ఈ కథలో నాకు గుర్తున్న సంతోషం అదొక్కటే.

తర్వాతిది వినండి. ఆరు నెలలకు జిల్లాలో డాక్టర్ల సమావేశం జరిగింది. మా సూపరింటెండెంట్ గారు వేదికెక్కి, మారుమూల ఆసుపత్రిలో గుర్తించిన అరుదైన వ్యాధి అని ఈ కేసునే చెప్పారు. తెర మీద పిక్క కదలికల వీడియో వేశారు. అది డాక్టరమ్మ ఫోన్‌లో తీసింది. నేను తీసుకెళ్లిన రక్తం ఫలితం కూడా వేశారు. నరం మీది ప్రోటీన్ గురించి, అది పట్టి ఉంచే తొడుగు గురించి చక్కగా, చదువుకుని వచ్చి చెప్పారు. కట్టేసిన తొమ్మిది రోజుల గురించి ఒక్క ముక్క లేదు. చేరిన రోజు, గుర్తించిన రోజు అని రెండు తేదీలు ఉన్నాయి, మధ్యలో ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. చివరి వరుసలో నేనూ డాక్టరమ్మా కూర్చున్నాం. చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ నా చెవిలో, “కొట్టకక్కా” అంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ సమావేశమయ్యాక కూడా నా మెమో రద్దు కాలేదు.

అతను దాదాపు ఏడాదికి నడుచుకుంటూ నా ల్యాబుకు వచ్చాడు, ఫాలోఅప్ రక్తపరీక్షకు. చెమటలు లేవు, మాట స్పష్టంగా ఉంది, కండలు నిలకడగా ఉన్నాయి. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా లేవడని భార్య మురిసిపోతూ చెప్పింది. కానీ కుడి చేయి చాపలేడు. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకుపోయి, బొటనవేలి దగ్గరి కండ కరిగిపోయి గుంటపడింది. గుడ్డ బిగువుకు, తొమ్మిది రోజుల గుంజులాటకు మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పారట. ఇక రాదన్నారట. కొడవలి పట్టలేడు. ఆకు కట్ట కట్టలేడు.

సొంత ఒంట్లోంచి పుట్టిన జబ్బు నయమైంది. మేం చేసింది నయం కాలేదు.

నేను రక్తం తీయడానికి చేతికి రబ్బరు పట్టీ కట్టబోతే అతను వెనక్కి గుంజుకున్నాడు. భార్య, నేను పట్టుకుంట తియ్ అక్కా అని తన చేత్తో అతని జబ్బ బిగించి పట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ అలాగే తీశాం.

అతను నిజంగా తాగేవాడే అయితే? అని కూడా నేను చాలాసార్లు ఆలోచించాను. అయినా ఆ చేయి ఆ చేయే. తాగేవాడికి కట్టొచ్చు, తాగనివాడికి కట్టకూడదు అని నేను చెప్పడం లేదు. అడగకుండా రాసిన ఒక్క మాట చాలనీ, ఆ మాట మీద నర్సు గుడ్డ, నా మౌనం, సూపరింటెండెంట్ గారి అహం అన్నీ వరుసగా పేరుకుపోతాయనీ చెబుతున్నాను.

ఆ మాటను తీయించాలని చూశాను. ఆసుపత్రి రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు పాత కేస్ షీట్‌లోని మొదటి నిర్ధారణ కూడా అలాగే ఎక్కింది. మూడుసార్లు దరఖాస్తు రాశాను. సవరించాలంటే మొదట రాసిన డాక్టర్ సంతకం కావాలన్నారు. ఆయన బదిలీ మీద ఎటో పోయాడు. నేను రిటైరయ్యే రోజుకూ అది అక్కడే ఉంది. అతని నంబర్ కొట్టగానే, పేరు కింద మొదటి వరుసలో వస్తుంది.

పోయిన ఏడాది పింఛను కాగితాల పనిమీద ఆ ఆసుపత్రికి వెళ్లాను. ఓపీలో వరుసలో అతను, భార్య కనిపించారు. వాళ్లతో పాటు లోపలికి పోయి పక్కన నిలబడ్డాను. డాక్టర్ కొత్తవాడు, కుర్రాడు. మంచివాడిలానే ఉన్నాడు. కంప్యూటర్ వైపు చూసి, తలెత్తకుండానే, మందు మానేశావా పెద్దాయనా అని అడిగాడు.

“అవ్ సార్, మానేసిన” అన్నాడతను.

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి వచ్చాక అడిగాను, ఎన్నడూ తాగనోడివి, అట్ల ఎందుకు చెప్పినవు అని. భార్య తల దించుకుంది. అతను మందుల సంచిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

“తాగలేదంటే నమ్మరక్కా. మళ్ల మొదటి నుంచి చెప్పాలె. మా బస్సు పోతది.”